మక్తబ్‌ల మీద రాసిన థీసిస్ అధ్యాయాన్ని జర్నల్ వ్యాసంగా మార్చడం ఎలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, అచ్చంపేట చుట్టుపక్కల పదకొండు మక్తబ్‌లు (బడికి పోయే పిల్లలు రోజూ కాసేపు ఖుర్ఆన్ నేర్చుకునే చోట్లు), రెండు మద్రసాలు తిరిగి పీహెచ్‌డీ పని చేశారు. ఇస్లామీయ మతవిద్య మీద రాసిన డెబ్బై పేజీల అధ్యాయాన్ని ఇరవై పేజీలకు కుదించి ఒక జర్నల్‌కు పంపితే, రివ్యూ దాకా పోకుండానే ఐదు రోజుల్లో తిరిగొచ్చింది. ఇంకో జర్నల్ వాళ్ళు ఆరు వేలు కడితే వారంలో వేస్తామంటున్నారు. కట్టాలా, మళ్ళీ రాయాలా, రాస్తే ఏ భాషలో, ఎక్కడికి పంపాలి అన్నది మీ టెన్షన్.

కట్టకండి. మళ్ళీ రాయండి. అయితే ఉన్నదాన్ని ఇంకాస్త కుదించే పని మాత్రం పెట్టుకోకండి. ఆ పదకొండు మక్తబ్‌లలో మీరు కళ్ళారా చూసిన ఒక్క సంగతి, ఇంతవరకు ఎవరూ రాయనిది, పట్టుకుని దాని కోసమే కొత్తగా ఒక వ్యాసం రాయండి. మిగతా నోట్స్ ఎక్కడికీ పోవు. రెండో వ్యాసానికి, మూడో వ్యాసానికి అక్కరకొస్తాయి.

నేను నల్లగొండ జిల్లాలో డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మతవిద్య మీద కొన్ని వ్యాసాలు రాశాను, రీసెర్చ్ చేసే పిల్లల చేత రాయించాను. ఇప్పటికీ నెలకు ఒకటో రెండో వ్యాసాలు రివ్యూకు నా దగ్గరికి వస్తుంటాయి. కింద చెప్పేదంతా ఆ పనిలో తెలుసుకున్నదే.

ముందు, మీ వ్యాసం ఎందుకు తిరిగొచ్చి ఉంటుందో చెప్తాను. నా దగ్గరికి వచ్చే వ్యాసాల్లో సగానికి పైగా ఒకే దారిలో నడుస్తాయి. హిరా గుహలో "ఇఖ్రా" అన్న తొలి వహీ (దైవసందేశం)తో మొదలవుతాయి. ఆ తర్వాత మదీనా మస్జిద్‌లో సుఫ్ఫా అరుగు, బగ్దాద్ నిజామియా, లక్నో ఫిరంగీ మహల్ ముల్లా నిజాముద్దీన్ పేరు మీద వచ్చిన దర్సె నిజామీ పాఠ్యక్రమం, 1866లో దేవ్‌బంద్, తర్వాత నద్వా, మన హైదరాబాద్ జామియా నిజామియా, 2006లో ముస్లింల స్థితిగతుల మీద సచార్ కమిటీ నివేదిక. ఇవన్నీ దాటి జడ్చర్లకు చేరేసరికి పదహారో పేజీ వస్తుంది. అక్కడ రెండు పట్టికలు, "మద్రసాలను ఆధునికీకరించాలి" అంటూ ఐదు సూచనలు, అంతటితో వ్యాసం అయిపోతుంది.

ఆ చరిత్ర అంటే నాకు ప్రాణం. కానీ జర్నల్ ఎడిటర్‌కు అదంతా ముందే తెలుసు. ఆయనకు తెలియక మీకు తెలిసింది ఒక్కటే: అచ్చంపేట మస్జిద్ వరండాలో పొద్దున ఆరు గంటలకు చాప మీద కూర్చున్న పిల్లలు ఏం చదువుతున్నారు, ఎలా చదువుతున్నారు అన్నది. దాన్ని పదహారో పేజీ దాకా ఆపితే ఆయన అక్కడి దాకా రారు. ఐదు రోజుల్లో తిరిగొచ్చిందంటే మొదటి రెండు పేజీలే చదివి ఉంటారు.

నా మొదటి వ్యాసం కూడా ఇలాగే తిరిగొచ్చింది. ముప్పై పేజీలు టైపు చేయించి పోస్టులో పంపాను. ఆ ఎడిటర్ పెద్దమనిషి, ఉత్తరం అడుగున చేత్తో ఒక వాక్యం రాశారు: "మీరు నల్లగొండలో ఉంటున్నారు కదా, వ్యాసంలో నల్లగొండ ఏది?" ఆ ఒక్క మాట నా పని తీరునే మార్చేసింది.

ఒక్క సంగతిని ఎలా పట్టుకోవాలి? ఒక ఉదాహరణ చెప్తాను. దేవరకొండ వైపు పనిచేసిన ఒక అమ్మాయికి నేను గైడ్‌గా ఉన్నాను. ఆమె థీసిస్ అధ్యాయం నిండా సిలబస్, హాజరు, ఉస్తాద్‌ల (మతపాఠాలు చెప్పే పంతుళ్ళ) చదువు, జీతాలు. నలభై ఏడో పేజీలో ఒక చిన్న పేరా ఉంది. ఒక మక్తబ్‌లో ఉస్తాద్ బీహార్ నుంచి వచ్చినాయన, ఆయనకు ఉర్దూ తప్ప రాదు. పిల్లల్లో సగం మంది దూదేకుల ఇళ్ళవాళ్ళు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. నూరానీ ఖాయిదా (అరబీ అక్షరాల వాచకం) దాకా ఇబ్బంది లేదు, అక్షరాలు అక్షరాలే. దీనియాత్ (మత విషయాల) పుస్తకం దగ్గరికొచ్చేసరికి పిల్లలకు ఉర్దూ అర్థం కాదు. అప్పుడు పదకొండేళ్ళ పిల్ల ఒకతె మధ్యలో కూర్చుని, ఉస్తాద్ చెప్పింది చిన్నపిల్లలకు తెలుగులో చెప్పేది. వుజూ (నమాజుకు ముందు శుభ్రం చేసుకోవడం)లో ముందు ఏం కడగాలి, తర్వాత ఏం కడగాలి, నమాజులో ఎక్కడ ఏం చదవాలి, అన్నీ ఆ పిల్ల నోటి మీదుగా వెళ్ళాలి. చిన్నపిల్లలు ఆమెను "అక్కా" అనేవాళ్ళు, ఉస్తాద్‌ను "హజ్రత్" అనేవాళ్ళు.

నేను ఆ పేరా దగ్గర ఆగి, "అమ్మా, నీ వ్యాసం ఇదే" అన్నాను. ఆమె నమ్మలేదు. "ఇది ఊరికే చూసిన సంగతి సార్, డేటా కాదు" అంది. మళ్ళీ వెళ్ళమన్నాను. ఇంకో మూడు నెలలు వెళ్ళింది, ఈసారి అదే చూడటానికి. ఇంకో రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, పిల్లలు దుఆలను (ప్రార్థనలను) నోట్‌బుక్కుల్లో తెలుగు లిపిలో రాసుకుంటున్నారు. రెండు, ఉస్తాద్‌కు అది నచ్చడం లేదు. ఆయన అభ్యంతరానికి గట్టి కారణమే ఉంది. అరబీలో సే, సీన్, స్వాద్ మూడు వేరు వేరు అక్షరాలు; తెలుగులో రాస్తే మూడూ దాదాపు ఒక్క "స" అయిపోతాయి. హే రెండు రకాలు, మనకు "హ" ఒక్కటే. పలుకు మారితే అర్థం మారుతుంది, తజ్వీద్ (ఖుర్ఆన్‌ను సరిగా పలికే పద్ధతి) చెడుతుంది. తల్లుల వాదన ఇంకోటి: "తెలుగులో రాసుకుంటేనే ఇంటికొచ్చి మాకు చదివి వినిపిస్తారు, మేమూ నేర్చుకుంటాం."

చూడండి, ఇప్పుడు దాంట్లో ఒక ప్రశ్న ఉంది: ఉర్దూ ఇంటి భాష కాని చోట మక్తబ్‌లో అర్థం చెప్పేది ఎవరు, ఏ లిపిలో? పలుకు నిలబడాలా, అర్థం చేరాలా అన్న తకరారు ఉంది. రెండు వైపులా న్యాయం ఉంది. ఆ వ్యాసాన్ని మొదటి జర్నల్ రివ్యూకు తీసుకుంది, ఒక సవరణ తర్వాత వేసుకుంది. దాంట్లో హిరా గుహ లేదు, దేవ్‌బంద్ చరిత్ర మూడు వాక్యాలు.

మీ నోట్స్‌లోనూ ఇలాంటిది తప్పకుండా ఉంటుంది. మీరు ప్రశ్నలో ఒక మాట అన్నారు, "మైనారిటీ గురుకులాల్లో చేరాక పెద్దపిల్లలు మక్తబ్‌కు రావడం లేదని ముగ్గురు ఉస్తాద్‌లు చెప్పారు" అని. నాకైతే అక్కడే వ్యాసం కనిపిస్తోంది. తెలంగాణ మైనారిటీ గురుకులాలు మొదలైంది 2016లో. అంతకుముందు పిల్ల పొద్దున మక్తబ్‌కు, తొమ్మిదింటికి సర్కారు బడికి పోయేది. ఇప్పుడు ఐదో తరగతిలో హాస్టల్‌కు పోతే నాజిరా (ఖుర్ఆన్‌ను చూసి చదవడం) సగంలో ఆగిపోతోందా? సెలవుల్లో వచ్చి పూర్తి చేస్తున్నారా? ఇంట్లో తల్లి చేత చదివించుకుంటున్నారా? ఊరి మక్తబ్‌లో మిగిలింది ఏడెనిమిదేళ్ళ పిల్లలేనా? దక్షిణ తెలంగాణలో కూర్చుని రాస్తే తప్ప ఈ ప్రశ్నకు జవాబు రాదు. ముగ్గురు ఉస్తాద్‌ల మాట ఒక్కటే సరిపోదు. మళ్ళీ వెళ్ళి, హాజరు రిజిస్టర్ ఉన్న చోట చూసి, ఒక పదిహేను మంది తల్లిదండ్రులతో మాట్లాడాలి. రెండు నెలల పని. చేయండి.

మక్తబ్, మద్రసా రెండింటినీ కలిపేయకండి. మీ ప్రశ్నలో కూడా ఒకచోట కలిసిపోయాయి, అందుకే చెప్తున్నాను. మక్తబ్ అంటే బడికి పోయే పిల్లలు ఫజర్ (తెల్లవారుజాము) నమాజు తర్వాతో, అసర్, మగ్రిబ్ (సాయంత్రం) నమాజుల తర్వాతో గంటసేపు ఖుర్ఆన్ చదవడం, దీనియాత్ నేర్చుకునే చోటు. మద్రసా పూర్తికాలపు చదువు, ఎక్కువగా హాస్టల్‌తో, హిఫ్జ్ (ఖుర్ఆన్ కంఠస్థం) నుంచి ఆలిమ్, ఫాజిల్ పట్టాల దాకా. సచార్ కమిటీ నివేదికలో బడి ఈడు ముస్లిం పిల్లల్లో మద్రసాలకు వెళ్ళేవారు 3, 4 శాతమే అని ఉంటుంది. మక్తబ్‌ను మద్రసాతో కలిపి చూడటం వల్లే జనం ఆ సంఖ్య చాలా ఎక్కువనుకుంటారని ఆ నివేదికే వివరించింది. మీ వ్యాసంలో ఆ రెండూ కలిస్తే, తెలిసిన రివ్యూయర్ మొదట పట్టుకునేది అదే.

చట్టాల విషయమూ అంతే. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం ప్రధానంగా మతబోధన చేసే మద్రసాలు, వేద పాఠశాలలు దాని పరిధిలోకి రావు. 2024 నవంబర్ 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉత్తరప్రదేశ్ మద్రసా చట్టం గురించి. చట్టాన్ని నిలబెట్టి, కామిల్, ఫాజిల్ డిగ్రీలకు సంబంధించిన భాగాన్ని మాత్రం కొట్టేసింది. ఆ చట్టం మన రాష్ట్రానిది కాదు. మీ వ్యాసం గురుకులం, మక్తబ్ గురించైతే ఈ తీర్పు ఊసే అక్కర్లేదు. చాలామంది "తాజాగా ఉంటుంది" అని చేరుస్తారు. వ్యాసం దారి తప్పుతుంది.

ఇక మీరు ఎలా చూశారో చెప్పే భాగం. మన దగ్గర వ్యాసాలు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. "పదకొండు మక్తబ్‌లను పరిశీలించాను" అంటే చాలదు. ఒక్కోచోటికి ఎన్నిసార్లు వెళ్ళారు, ఎంతసేపు కూర్చున్నారు, ఎవరితో ఏ భాషలో మాట్లాడారు, రికార్డు చేశారా, నోట్స్ రాసుకున్నారా, అన్నీ రాయండి. మీరు స్త్రీ కాబట్టి మగపిల్లల హిఫ్జ్ క్లాసులో కూర్చోవడం కుదరలేదన్నారు. అది దాచొద్దు, సూటిగా రాయండి. దానివల్ల మీకు తెలియకుండా పోయింది ఏమిటో, ఆడపిల్లల మక్తబ్‌లో ఆపాల (పాఠాలు చెప్పే ఆడవాళ్ళ) దగ్గర కూర్చోగలగడం వల్ల తెలిసింది ఏమిటో రెండూ చెప్పండి. మగ పరిశోధకులకు ఆ రెండోది ఎన్నటికీ దొరకదు. అది మీ వ్యాసానికి బలం.

పిల్లలతో మాట్లాడారు కాబట్టి తల్లిదండ్రుల అనుమతి, ఉస్తాద్ అనుమతి, మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. నోటిమాటగా తీసుకున్నా సరే, ఎవరు ఎప్పుడు ఎలా ఇచ్చారో నోట్స్‌లో ఉండాలి. ఇప్పుడు చాలా జర్నల్‌లు వ్యాసం పంపేటప్పుడే దీని గురించి అడుగుతున్నాయి.

పేర్లు మార్చడం గురించి నా గుండెలో ఇప్పటికీ కలుక్కుమనే సంగతి ఒకటుంది. ఒక పట్టణంలోని ఆడపిల్లల మద్రసా గురించి రాశాను. మద్రసా పేరు మార్చాను, పెద్ద ఆపా పేరు మార్చాను. కానీ పట్టణం పేరు ఉంచి, "ఇక్కడ ఆడపిల్లలకు ఉన్న ఏకైక మద్రసా" అని రాశాను. ఆ వ్యాసంలో, చందాలు తగ్గడం వల్ల రెండు నెలలు ఉస్తానీలకు జీతం ఇవ్వలేకపోయారని కూడా ఉంది. అచ్చయ్యాక ఎవరో ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఎవరి గురించో అందరికీ తెలిసిపోయింది. ఆ పెద్దావిడ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత నేను వెళ్తే చాయ్ ఇచ్చారు, కబుర్లు చెప్పలేదు. పేరు మార్చడం ఒక్కటే చాలదు. ఊరి గుర్తులు, ఏకైక, మొట్టమొదటి, బస్టాండ్ పక్కన, ఇలాంటివన్నీ తీసేయండి. "దక్షిణ తెలంగాణలోని ఒక మండల కేంద్రం" అంటే చాలు. పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు అసలే వద్దు.

ఆయత్, హదీసు ఉదహరించేటప్పుడు జాగ్రత్త. ఆయత్‌కు సూరా సంఖ్య, ఆయత్ సంఖ్య, ఎవరి అనువాదమో చెప్పండి. హదీసుకు గ్రంథం పేరు, సంఖ్య మాత్రమే ఇచ్చి ఊరుకోకండి. ముద్రణను బట్టి సంఖ్యలు మారతాయి. లోపలి కితాబ్ (విభాగం) పేరు, బాబ్ (అధ్యాయం) పేరు కూడా ఇస్తే ఏ ముద్రణలోనైనా దొరుకుతుంది.

"చదువు కోసం చైనాకైనా వెళ్ళండి" అన్నది ఎన్ని వ్యాసాల మొదటి వాక్యంగా చూశానో లెక్కలేదు. హదీసు విద్వాంసులు దాన్ని బలహీనమన్నారు; ఇబ్నుల్ జౌజీ అయితే కల్పిత రివాయత్‌ల్లో చేర్చారు. ఇస్లామిక్ స్టడీస్ రివ్యూయర్ చేతికి మీ వ్యాసం వెళ్తే ఆ ఒక్క వాక్యంతో మీ మీద నమ్మకం పోతుంది. "విద్య నేర్వడం ప్రతి ముస్లిం మీద ఫర్జ్ (తప్పనిసరి విధి)" అన్నది ఇబ్న్ మాజా హదీసు గ్రంథంలో ఉంది. దాని సనద్ (చెప్పినవాళ్ళ వరస) మీద కూడా చర్చ ఉంది. మనవాళ్ళు దానికి "ప్రతి ముస్లిం స్త్రీ మీద" అని కలిపి రాస్తారు. ఇబ్న్ మాజా పాఠంలో ఆ మాట లేదు. ఆడపిల్లల చదువు మీద రాసేవాళ్ళకు ఇది బాధగానే ఉంటుంది, కానీ స్త్రీలు కూడా ఆ ఆదేశంలోకి వస్తారని ఉలమా (మత పండితులు) చెప్పిన మాట ఉంది కదా, దాన్ని చెప్పిన గ్రంథం చూపించి రాయండి. లేని మాటను హదీసులో కలపకండి.

పాత విద్యావేత్తల పేర్లు, అంటే ఇబ్న్ సహ్‌నూన్, గజాలీ, జర్నూజీ, ఇబ్న్ ఖల్దూన్ వగైరా, వరసపెట్టి చెప్పడం మానేయండి. మీ ప్రశ్నకు నిజంగా పనికొచ్చేవారు ఒకరుంటే ఆయన్నే తీసుకుని మూలం చదవండి. తాలీమ్ (చదువు చెప్పడం), తర్బియత్ (పెంపకం), తఅదీబ్ (సంస్కారం నేర్పడం) అన్న మూడు మాటల తేడా మీద ఒక పేజీ రాయడం రివాజైపోయింది. 1977 మక్కా విద్యా సదస్సు నుంచి ఆ చర్చ నడుస్తూనే ఉంది. మీ ఉస్తాద్‌లు ఆ మాటల్లో దేన్ని వాడారు? "తర్బియత్ హాస్టల్లో ఎట్లయితదమ్మా" అని ఒకాయన అన్నట్టు మీరే రాశారు. ఆయన ఉద్దేశంలో తర్బియత్ అంటే ఏమిటో ఆయన మాటల్లోనే విప్పి చెప్పండి. నిఘంటువు అర్థాల కంటే అది వందరెట్లు విలువైనది.

తేదీల గురించి ఒక్క మాట, ఇది మన ప్రాంతంలో పనిచేసేవాళ్ళకే తెలిసే చిక్కు. నిజాం కాలపు కాగితాల్లో, శిలాఫలకాల్లో సంవత్సరం హిజ్రీ కావచ్చు, ఫస్లీ (నిజాం సర్కారు లెక్కలకు వాడిన సంవత్సరం) కావచ్చు. నేనొకసారి మస్జిద్ గోడలోని రాతి మీద 1338 అని చూసి, హిజ్రీ అనుకుని ఆ మక్తబ్ 1919-20లో మొదలైందని రాశాను. రివ్యూయర్ ఎవరో గానీ, ఆయనకు దువా చేస్తాను, "రాయి మీద హిజ్రీ అని ఉందా?" అని అడిగారు. మళ్ళీ వెళ్ళి చూస్తే అంకెల కింద చిన్న ఫే అక్షరం ఉంది, ఫస్లీ అన్నమాట. అంటే 1928-29. తొమ్మిదేళ్ళ తేడా. హైదరాబాద్ ఫస్లీ అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే నెలలకు 590, మిగతా నెలలకు 591 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. మీరు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పాత విద్యాశాఖ ఉర్దూ కాగితాలు చూస్తే ఈ లెక్క చేతిలో పెట్టుకోండి.

భాష సంగతి. మీ ఉర్దూ బాగుందన్నారు, ఇంగ్లీషు భయమన్నారు. పదోన్నతికి, ఉద్యోగానికి ఇంగ్లీషు వ్యాసం అవసరపడుతుంది కాబట్టి మొదటిది ఇంగ్లీషులోనే రాయండి. కానీ ఆలోచన మీకు వచ్చిన భాషలో చేయండి. మా పిల్లల చేత నేను ముందు తెలుగులోనో ఉర్దూలోనో రెండు పేజీలు రాయిస్తాను: నేను ఏం చూశాను, ఎందుకు ఆశ్చర్యపోయాను, ఇంతకుముందువాళ్ళు ఏమన్నారు, నేను ఏమంటున్నాను. అది తేలితే ఇంగ్లీషు చిన్న వాక్యాల్లో వస్తుంది. చిన్న వాక్యాలు రాస్తే ఎవరూ తప్పు పట్టరు. ఉర్దూ, అరబీ మాటలను ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు ఆ జర్నల్ ఏ పద్ధతి అడుగుతుందో చూసి, మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకే తీరులో రాయండి. మద్రసా అన్న ఒక్క మాటనే నాలుగు స్పెల్లింగుల్లో రాసిన వ్యాసాలు వస్తుంటాయి. ఉర్దూ వ్యాసం తర్వాత రాసుకోవచ్చు; ఆజంగఢ్ నుంచి 1916 నుంచి వస్తున్న మఆరిఫ్ లాంటి పత్రికలు చదవండి, ఉర్దూ పరిశోధనలో ఎలాంటి క్రమశిక్షణ ఉందో తెలుస్తుంది.

ఏ జర్నల్? వ్యాసం రాయకముందే తేల్చుకోవాలి. మీ గురుకులం ప్రశ్న విద్యాశాస్త్రానిదైతే కాంటెంపరరీ ఎడ్యుకేషన్ డైలాగ్ లాంటిది, ముస్లిం సమాజం గురించైతే జర్నల్ ఆఫ్ ముస్లిం మైనారిటీ అఫైర్స్ లాంటిది, మతబోధన పద్ధతి గురించైతే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ రిలీజియస్ ఎడ్యుకేషన్ లాంటిది. ఇండోనేషియా యూనివర్సిటీల నుంచి ఇస్లామీయ విద్య మీద చాలా జర్నల్‌లు వస్తాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. ఎంచుకున్న జర్నల్‌లో గత ఐదేళ్ళలో మీ విషయానికి దగ్గరైన ఆరేడు వ్యాసాలు చదవండి. అవి మొదటి పేరా ఎలా రాశాయి, ఎంత పొడవు, ఎవరితో వాదించాయి చూడండి. మీ వ్యాసం వాటిలో కనీసం రెండింటితో మాట్లాడాలి. ఒకేసారి రెండు జర్నల్‌లకు పంపకండి. అది పెద్ద తప్పుగా చూస్తారు.

ఆరు వేలు అడిగిన జర్నల్ గురించి. ఫీజు అడగడమే తప్పని కాదు. అందరూ ఉచితంగా చదివే మంచి జర్నల్‌లు కూడా కొన్ని ఫీజు తీసుకుంటాయి, ముందే వెబ్‌సైట్‌లో రాసి ఉంటుంది. వారంలో వేస్తామన్నారు చూడండి, అక్కడే తెలిసిపోతుంది. వారంలో ఇద్దరు విద్వాంసులు చదివి, అభిప్రాయం రాసి, మీరు దిద్ది పంపడం జరిగే పని కాదు. ఆ జర్నల్ పాత సంచిక తెరిచి చూడండి. మెకానికల్ ఇంజనీరింగ్, చేపల పెంపకం, మతవిద్య ఒకే సంచికలో ఉంటే వదిలేయండి. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఇద్దరి పేర్లు తీసుకుని వాళ్ళ యూనివర్సిటీ పేజీలో వెతకండి, మెయిల్ చేసి అడగండి. నా పాత విద్యార్థి ఒకరు ఇలాగే డబ్బు కట్టి ఐదు రోజుల్లో వేయించుకున్నారు. ఇంటర్వ్యూలో దానికి ఒక్క మార్కు రాలేదు. అంతకంటే నష్టం ఏమిటంటే, ఒకసారి అచ్చయిన పనిని ఇంకో మంచి జర్నల్ తీసుకోదు. నాలుగేళ్ళ ఫీల్డ్ పని అలా పోయింది.

యూజీసీ కేర్ జాబితాలో (యూజీసీ ఒప్పుకున్న జర్నల్‌ల పట్టికలో) ఉందా అని ఇప్పటికీ అందరూ అడుగుతున్నారు. 2019లో వచ్చిన ఆ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఇప్పుడు కొన్ని ప్రమాణాలు సూచించి, మంచి జర్నల్ ఏదో తేల్చుకునే పని యూనివర్సిటీలకే వదిలారు. కాబట్టి "కేర్ లిస్టెడ్" అని ప్రకటన ఇచ్చేవాళ్ళను నమ్మకండి. థీసిస్ ఇచ్చే ముందు వ్యాసం తప్పనిసరి అన్న షరతు 2022 నవంబర్ నాటి యూజీసీ నిబంధనల్లో లేదు, కానీ మీ యూనివర్సిటీ తన రూల్‌లో ఉంచుకుని ఉండొచ్చు. రీసెర్చ్ సెల్‌లో కాగితం మీద చూసుకోండి. షరతు లేకపోతే సగం టెన్షన్ పోతుంది, నిదానంగా రాసుకోవచ్చు.

కాపీ చెకింగ్ గురించి భయపడ్డారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు; మూలం చెప్పి కోట్ చేసింది, రిఫరెన్సుల జాబితా ఆ లెక్కలోకి రావు. మీ థీసిస్ శోధ్‌గంగలో (థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్‌లో) చేరాక అదే వాక్యాలు వ్యాసంలో ఉంటే మీతో మీకే పోలిక చూపిస్తుంది. ఎడిటర్‌కు రాసే ఉత్తరంలో "ఇది నా థీసిస్ పనిలోంచి వచ్చింది" అని చెప్పేయండి. కొత్తగా రాస్తే అసలు ఆ సమస్యే రాదు.

ఈ మధ్య ఇంకోటి చూస్తున్నాను. ఏఐతో రాయించిన వ్యాసాల్లో లేని పుస్తకాలు, లేని హదీసు సంఖ్యలు వస్తున్నాయి. ఇంగ్లీషు దిద్దించుకోవడానికి వాడినా, జర్నల్ అడిగితే చెప్పండి. రిఫరెన్సు ఒక్కటి కూడా మీరు తెరిచి చూడకుండా పెట్టకండి.

రివ్యూ రావడానికి ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యపడకండి. మూడు నెలలయ్యాక మర్యాదగా ఒక మెయిల్ పెట్టొచ్చు. రివ్యూ వచ్చిన రోజు చదివి పక్కన పెట్టేయండి. మూడో రోజు తీసి, ఒక్కో మాటకు ఒక్కో జవాబు, ఏ పేజీలో ఏం మార్చారో రాయండి. అన్నిటికీ తలూపనక్కర్లేదు. దేవరకొండ అమ్మాయి వ్యాసానికి ఒక రివ్యూయర్, మద్రసాలు అనగానే ఉగ్రవాదం ప్రస్తావన ఎందుకు లేదని అడిగారు. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కోపంలో జవాబు రాసింది, నేను ఆపాను. మర్నాడు ఇద్దరం కలిసి రాశాం: "ఈ వ్యాసం ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలు ప్రార్థన భాషను ఎలా నేర్చుకుంటున్నారన్న దాని గురించి. మీరు అడిగిన విషయానికి సంబంధించిన సమాచారం నా పనిలో లేదు, సేకరించలేదు కూడా. వ్యాసం పరిధిని మొదటి పేజీలో ఇంకా స్పష్టం చేశాను." ఎడిటర్ ఒప్పుకున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలాసార్లు ఒప్పుకుంటారు.

అలాగని రెండో వైపూ జాగ్రత్త కావాలి. మన దీన్ గురించి రాస్తున్నాం కాబట్టి అంతా మంచే చెప్పాలన్న ఒత్తిడి లోపలి నుంచి వస్తుంది. ఒక మక్తబ్‌లో దెబ్బలు చూశానన్నారు, రాయాలా వద్దా అని అడిగారు. మీ ప్రశ్నకు సంబంధం ఉంటే, పిల్లలు మానేయడానికి అదీ ఒక కారణమైతే, రాయాలి. అదే మక్తబ్‌లో జ్వరం వచ్చిన పిల్లను ఉస్తాద్ బండి మీద ఇంటిదాకా దింపారన్నారు కదా, అదీ రాయాలి.

ఇప్పుడు చేయాల్సిన పని ఇది. వ్యాసం జోలికి పోకుండా, ఆ ముగ్గురు ఉస్తాద్‌లు గురుకులాల గురించి చెప్పిన నోట్స్ బయటికి తీసి, వాళ్ళ మాటలను వాళ్ళ భాషలోనే, ఒక్క అక్షరం మార్చకుండా ఒక కాగితం మీద రాసుకోండి. దాని కింద, మీకు ఇంకా తెలియనివి ఏమిటో నాలుగు ప్రశ్నలుగా రాయండి. ఊర్ల పేర్లు తీసేసి ఇక్కడే పెట్టండి. రంజాన్‌కు ముందే ఒకసారి మక్తబ్‌లకు వెళ్ళొస్తే మంచిది; ఆ నెలలో ఉస్తాద్‌లకు తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజు) ఉంటుంది, కొందరు చందాల కోసం బయటి ఊర్లకు పోతారు, మాట్లాడటానికి తీరిక దొరకదు.